సాఫ్ట్‌వేరు నిర్మాణములో అరువు భాగములు

ఇల్లు కట్టించుకొన్నవారందఱు ఒక సంగతి నెఱుగుదురు. గోడ మన మేస్త్రి కట్టును. కాని ఇటుక బట్టీనుండి వచ్చును. తలుపు బందులు ఇనుప కొట్టునుండి వచ్చును. తాళము ఏ ఊరిలోనో తయారై అట్టపెట్టెలో వచ్చును. గృహప్రవేశమునాడు "ఇల్లు కట్టుకొంటిమి" అని బంధువులతో చెప్పుదుము. అది అబద్ధము కాదు. అయిదేండ్లు గడచి, ఒక వానకాలపు రాత్రి తుప్పుపట్టిన బందు విఱిగినప్పుడు, దానిని చేసినవారెవరో, అటువంటిది మఱల దొరకునో దొరకదో మనకు తెలియదు. బందు ఎవరు చేసినను తలుపు మనది. ఆ రాత్రి తెఱచియుండునది మన యిల్లు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారును ఈ విధముగనే తమ యిండ్లు కట్టుచున్నారు. పరులు చేసిన భాగములను తెచ్చి తమ పనిలో చేర్చుకొనుచున్నారు. ఆ భాగములను ఎట్లు ఎన్నుకొనవలెనన్నది నేటి ప్రసంగ విషయము. ఇది ప్రోగ్రామర్లకు మాత్రమే సంబంధించిన గొడవ యని శ్రోతలు తలపరాదు. మన బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ, పిల్లల పరీక్షాఫలితములు అన్నియు నేడు ఇట్టి యిండ్లలోనే ఉన్నవి. చిన్న కార్యాలయమునకో దుకాణమునకో ప్రోగ్రాము వ్రాయించుకొను ప్రతివారును, తెలిసియో తెలియకయో, ఈ ఎన్నికలో పాలుపంచుకొనుచున్నారు.

మేము రేడియోవారము, ప్రోగ్రామర్లము కాము. ఈ విషయముపై మాటలాడుటకు మాకు గల అర్హత, ఒకప్పుడు ఇందులో ఒక తప్పు చేసియుండుటయే. ఆ కథ చెప్పుటకు ముందు, భాగమనగా ఏమో కొంచెము చెప్పుకొందము.

ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసియిచ్చిన ఆజ్ఞల వరుస. తేదీలు లెక్కించుట, పేర్లను అకారాది క్రమమున పేర్చుట, రహస్యముగా నుండవలసిన సంఖ్యను ఇతరులు చదువలేని రూపమునకు మార్చుట వంటి పనులు ప్రతి ప్రోగ్రాములోను వచ్చును. వచ్చిన ప్రతిసారియు వానిని మొదటినుండి వ్రాయుట వ్యర్థము. 1968వ సంవత్సరములో జర్మనీ దేశమున గార్మిష్ అను పట్టణములో, నాటో ఆధ్వర్యమున సాఫ్ట్‌వేరు నిర్మాణమును గూర్చి ఒక సదస్సు జరిగినది. బెల్ పరిశోధనశాలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ ఆ సభలో ఒక కోరిక వెలిబుచ్చెను. ఇతర పరిశ్రమలలో విడిభాగములు పెద్దయెత్తున తయారై, పట్టికనుండి ఎన్నుకొనుటకు వీలుగా దొరకుచున్నట్లు, సాఫ్ట్‌వేరునకును విడిభాగముల పరిశ్రమ ఉండవలెనన్నది ఆయన వాదము.

ఆ కోరిక ఆనాడు ఆయన ఊహించినదానికన్న విస్తారముగా ఫలించినది. జావాస్క్రిప్ట్ భాషలో వ్రాయువారికొఱకు ఎన్‌పీఎమ్ అను ఒక భాండాగారమున్నది. ఆ యొక్కదానిలోనే 20 లక్షలకు పైగా భాగములున్నవి. అందులో అధికభాగము ఉచితము. ఒక ఆజ్ఞ టైపు చేసినచో రెప్పపాటులో భాగము మన యింటికి వచ్చి కూర్చుండును. అది ఒంటరిగా రాదు. అది ఏ భాగములపై ఆధారపడినదో అవియు, అవి వేనిపై ఆధారపడినవో అవియు వెంట వచ్చును. పెండ్లి సంబంధము కలుపుకొనునప్పుడు వరుని ఒక్కనినే చూడక, అటు ఏడు తరములు ఇటు ఏడు తరములు విచారింపవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఇచ్చట విచారణ లేకయే బంధువర్గమంతయు దిగిపోవును.

ఇక మా కథ. కొన్ని యేండ్ల క్రిందట మా కేంద్రములోని టేపు గదికి వెదకుటకు వీలైన పట్టిక నొకదానిని సిద్ధపఱుపవలసి వచ్చినది. పాత ప్రసంగములు, నాటకములు, లలితగీతములు, రైతుల కార్యక్రమములు స్పూలు టేపులమీద అట్టపెట్టెలలో నున్నవి. వాని జాబితా ఎన్నడో ఒక పాత ఫాంటులో టైపు చేయబడినది. తెలుగు లిపికి యూనికోడ్ సంకేతములు 1991లోనే ఏర్పడినను, మన అచ్చుపనిలో చాలకాలము ఎవరి ఫాంటు వారిది, ఎవరి సంకేతము వారిది. ఒక ఫాంటులో 'క' యున్న స్థానమున వేఱొక ఫాంటులో ఏ కొమ్మో గుడియో ఉండును. కావున పాత జాబితాను యూనికోడులోనికి మార్చినగాని వెదకుట సాధ్యము కాదు.

ఆ పని ఒక యువ ప్రోగ్రామరునకు అప్పగించితిమి. చుఱుకైనవాడు. పక్షము దినములలో వెదకు ప్రోగ్రామును సిద్ధము చేసెను. అక్షరములు మార్చు పనికి మాత్రము ఇంటర్నెట్టులో ఉచితముగా దొరకిన చిన్న భాగము నొకదానిని తెచ్చి అమర్చెను. మేము పది పేర్లు ఇచ్చి పరీక్షించితిమి. పదియు సరిగా వచ్చినవి. అందఱమును సంతోషించితిమి.

ఆ యేడే ఒక పెద్ద ముత్తైదువ మాకు ఉత్తరము వ్రాసిరి. వారి తండ్రిగారు ఎన్నడో మా కేంద్రమునుండి వరి నారుమళ్ళను గూర్చి ప్రసంగించిరట. ఇంటిలో ఆయన ఫొటో యున్నది గాని కంఠము లేదు. రాబోవు తద్దినమునకు పిల్లలందఱు వచ్చుచున్నారు. మనుమలకు తాతగారి మాట వినిపింపవలెనని ఆమె కోరిక. మేము పేరు టైపు చేసి వెదకితిమి. లేదని వచ్చినది. "విచారించుచున్నాము, తాము కోరిన టేపు మావద్ద లేదు" అని మర్యాదగా ప్రత్యుత్తరము వ్రాసితిమి.

ఎనిమిది నెలలు గడచినవి. వేఱొక టేపుకొఱకు పై అరలోని పెట్టెలు దించుచుండగా ఆ పెట్టె మా చేతికి వచ్చినది. అట్టమీద సిరాతో పేరు స్పష్టముగానున్నది. ఆ పేరులో 'క్ష' అను అక్షరమున్నది. మా అరువు భాగమునకు 'క్ష' తెలియదు. తెలియని అక్షరము తగిలినప్పుడు అది తప్పు జరిగినదని చెప్పక, మాటలాడకుండ దానిని వదలివేసి ముందునకు సాగినది. పట్టికలో ఆయన పేరు నడుమ ఒక అక్షరము లోపించి మిగిలినది. లక్ష్మి, లక్షణ, రక్షణ, వృక్షము, ఏ పేరైనను ఏ శీర్షికయైనను అదే గతి. తెలుగుదేశములో లక్ష్ములు ఎందఱో శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

టేపు దొరకినదని ఆమెకు వ్రాసితిమి. ఆమె కృతజ్ఞతతోనే జవాబిచ్చిరి. తద్దినము దాటిపోయినదనియు, అప్పుడు వచ్చిన మనుమలు మఱల విదేశమునకు వెళ్ళిపోయిరనియు ఒక వాక్యము మాత్రము చేర్చిరి.

ఆ పిదప మేము, ఆ భాగము ఏ చోటనుండి తెచ్చుకొంటిమో ఆ చోటికి పోయి చూచితిమి. దానిని వ్రాసినవారు మూడేండ్లుగా దాని మొగము చూడలేదు. "క్ష రావడము లేదు" అని ఇద్దరు వినియోగదారులు అచ్చట వ్రాసిపెట్టిరి. జవాబు లేదు. ఆ రెండు ఫిర్యాదులును మేము భాగమును తెచ్చుకొన్న దినమునకే అచ్చట ఉన్నవి. చదువుటకు పది నిమిషములు చాలెడిది. వ్రాసినవారియందు దోషమేమియు లేదు. ఆయన తన అవసరమునకు వ్రాసికొని, మంచి మనసుతో పదిమందికొఱకు బయట పెట్టెను. పది పేర్లు చూచి పదివేల పేర్లను నమ్మినవారము మేము.

నాటినుండి ఈ విషయమును గూర్చి చదువుచు, తెలిసినవారిని అడుగుచు, మాకొఱకు కొన్ని ప్రశ్నలు ఏర్పఱచుకొంటిమి. వానినే నేడు శ్రోతలముందు ఉంచుచున్నాము.

మొదటి ప్రశ్న: ఈ భాగము మనకు నిజముగా అవసరమా? 2016 మార్చి 22వ తేదీన ప్రపంచమంతట అనేక ప్రోగ్రాముల నిర్మాణము హఠాత్తుగా ఆగిపోయినది. ఎన్‌పీఎమ్ భాండాగారములో లెఫ్ట్‌పాడ్ అను భాగమొకటి యుండెడిది. ఒక మాటకు ఎడమప్రక్క కావలసినన్ని ఖాళీలు చేర్చి వరుసకు దిద్దుట దాని పని. దాని పొడవు 11 పంక్తులు. దానిని వ్రాసిన ప్రోగ్రామరునకును భాండాగారమువారికిని వేఱొక భాగము పేరు విషయమున తగవు వచ్చినది. ఆయన కోపించి తన భాగముల నన్నిటిని ఉపసంహరించుకొనెను. అందులో ఈ 11 పంక్తులును పోయినవి. వాని నేరుగా కోరి తెచ్చుకొన్నవారు కొలదిమంది; బంధువుల బంధువులుగా తమ యింట చేరినవని తెలియనివారు వేలమంది. కొన్ని గంటలలో భాండాగారమువారు దానిని మఱల ప్రతిష్ఠించిరి గాని, ఆనాటి పాఠము మిగిలినది. పచ్చడి నూఱుటకు పొరుగింటి రోలు తెచ్చుకొనుట సబబే. ఉప్పు చల్లుటకు పొరుగింటి చేయి తెచ్చుకొనరాదు. ఒక పూటలో చక్కగా వ్రాసి పరీక్షింపగల పనికి అరువు భాగము వలదు.

ఇందులకు మఱొక ప్రక్కయు కలదు. కొన్ని పనులు ఎంత నేర్పరియైనను స్వయముగా తలపెట్టరాదు. రహస్య సంకేతముల శాస్త్రము అందులో మొదటిది. సంకేతమును తాను కనిపెట్టి, తానే విప్పలేకపోయి, ఇక ఎవరును విప్పలేరని నమ్ముట మానవ సహజము. కాని విప్పువాడు వేఱు. ఇంటి తాళమును మన కమ్మరి కొలిమిలో కొత్తగా ఊహించి చేయుటకన్న, పదిమంది దొంగలు ప్రయత్నించి ఓడిన తాళమును కొనుట మేలు. అట్లే దత్తాంశముల నిలువ, బొమ్మలను కుదించుట మొదలగు పనులు. 1995లో వెలువడిన జెడ్‌లిబ్ అను భాగము నేటికిని లెక్కలేనన్ని యంత్రములలో దస్త్రములను కుదించుచున్నది. రిచర్డ్ హిప్ 2000వ సంవత్సరములో ప్రారంభించిన ఎస్‌క్యూలైట్ అను దత్తాంశ భాగము నేడు మన చేతిలోని ఫోనులన్నిటిలోను ఉన్నది. 2050వ సంవత్సరమువఱకు దానిని పోషింప సంకల్పించితిమని దాని నిర్మాతలు ప్రకటించియున్నారు. అట్టి భాగమును కాదని స్వయముగా వ్రాయబూనుట అభిమానమే గాని వివేకము కాదు.

రెండవ ప్రశ్న: దీనిని మన సరకుతో పరీక్షించితిమా? భాగము మంచిదే కావచ్చును. మన యింటికి సరిపడునా యన్నది వేఱు విషయము. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తొలిసారి ఎగిరినది. దిక్కును, వేగమును తెలుపు పరికరములోని ప్రోగ్రామును అంతకుముందు నమ్మకముగా పనిచేసిన ఏరియాన్ 4నుండి తీసికొనిరి. క్రొత్త రాకెట్టు పాతదానికన్న వేగముగా ప్రక్కకు సాగును. ఆ వేగమును తెలుపు సంఖ్య, దానికొఱకు ఉంచిన 16 బిట్ల చిన్న గదిలో పట్టలేదు. పరికరము మూగవోయినది. బయలుదేరిన 40 సెకండ్లలోపలనే రాకెట్టు దారి తప్పి, నాలుగు క్లస్టర్ ఉపగ్రహములతో సహా పేలిపోయినది. విచారకరమైన విషయమేమనగా, ఆ లెక్క రాకెట్టు నేలను విడిచిన పిదప ఏరియాన్ 5నకు అక్కఱయే లేదు. పాత ఇంటినుండి వచ్చినది గదా యని అట్లే ఉంచిరి. పాత ఇంట అది ఎన్నడును తప్పలేదు.

ఇంతకన్న మనకు దగ్గఱి ఉదాహరణ కలదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఐఫోనులు ఒక తెలుగు అక్షరమును చూచి కూలిపోయినవి. అది 'జ్ఞానము' అను మాటలోని 'జ్ఞా'. ఒక విశేష రీతిలో కూర్చబడిన ఆ అక్షరము సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము మూతపడును. కొన్ని వేళల ఫోనే నిలిచిపోవును. సందేశములు చూపు ప్రోగ్రాములు వేఱువేఱు కంపెనీలవి. అయినను అన్నియు అక్షరములు గీయు పనికి ఫోనులోని ఒకే భాగమును నమ్ముకొన్నవి. ఆ భాగము తడబడగా అన్నియు పడినవి. ఫిబ్రవరి 19న కంపెనీవారు దిద్దుబాటు విడుదల చేసిరి. లోకములో కొందఱు దానిని వేడుకగా పరస్పరము పంపుకొనిరి. మనకు మాత్రము అందులో ఒక హెచ్చరిక యున్నది. దూరదేశములో తయారైన భాగము మన ఒత్తులను, మన సంయుక్తాక్షరములను చూచియుండునని అనుకొనరాదు. మన లిపిని దానిముందు ఉంచవలసినవారము మనమే. క్ష, జ్ఞ, శ్రీ, స్త్రీ, ర్త్య్వ వంటి అక్షరములతో ఒక పుట వ్రాసి, తెలుగు తగిలెడి ప్రతి భాగముతోను మొదట దానిని చదివింపవలెను. ఆ పుటను తయారుచేయుటకు తెలుగు తెలిసినవారికి అరగంట చాలును.

మూడవ ప్రశ్న అన్నిటికన్న ముఖ్యమైనది: దీనిని ఎవరు కాపాడుచున్నారు? భాగము నేడు చక్కగా పనిచేయుచున్నదా యని అందఱును చూతురు. రేపు అందులో రంధ్రము బయటపడినప్పుడు పూడ్చువారెవరని చూచువారు తక్కువ. ఓపెన్ఎస్ఎస్ఎల్ అను భాగము ఇంటర్నెట్టులో మన రహస్యములను కాపాడు తాళములలో ముఖ్యమైనది. 2014 ఏప్రిల్‌లో అందులో ఒక దోషము వెల్లడియైనది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టిరి. అవతలివాడు ఒక చిన్న మాట పంపి, "నేను పంపినది 64 వేల అక్షరములు, తిరిగి చెప్పుము" అన్నచో, యంత్రము కొలిచి చూడక తన జ్ఞాపకములోని ఇతరుల రహస్యములను కలిపి అప్పగించెడిది. ఈ దోషము 2012 మార్చినుండి రెండేండ్లు ఎవరికంటను పడలేదు. లోకమంతయు ఆనుకొన్న ఆ భాగమునకు పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. ఏటికి వచ్చు విరాళములు సుమారు 2000 డాలర్లు. ఇంత పెద్ద కోటకు ఒక్క కాపలాదారు. వేలకోట్ల వ్యాపారము చేయు సంస్థలు ఆ కోటలోనే తలదాచుకొన్నవి. కాపలాదారు తిన్నాడా లేదా యని అడిగినవారు లేరు.

పది సంవత్సరముల తరువాతను అదే కథ వేఱొక రూపమున వచ్చినది. ఎక్స్‌జెడ్ అను కుదించు భాగమును ఫిన్లాండు దేశస్థుడొకడు ఏండ్ల తరబడి జీతము లేక నడుపుచుండెను. తాను అలసితిననియు, ఇది తీరిక వేళల చేయు పనియనియు ఆయన బహిరంగముగనే వ్రాసికొనెను. ఆయనకు సాయపడెదనని ఒక వ్యక్తి మాఱుపేరుతో చేరెను. రెండేండ్లకు పైగా ఓపికతో మంచి పని చేసి నమ్మకము సంపాదించి, తాళపుచెవులు చేతికి వచ్చిన పిదప 2024లో దొంగదారి నొకదానిని అందులో దాచెను. దాని నిజస్వరూపము ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మూలమున బయటపడినది. ఆయన తన యంత్రములోనికి ప్రవేశించుటకు ఎప్పటికన్న అర సెకండు ఎక్కువ పట్టుచున్నదని గమనించెను. ఏలనని తవ్విచూచి 2024 మార్చి 29న లోకమును హెచ్చరించెను. ఆ దొంగదారి గల ప్రతులు విస్తారముగా వ్యాపింపకమునుపే ఆపగలిగిరి. అర సెకండును నిర్లక్ష్యము చేయని ఒక మనుష్యునివలన తప్పిన ప్రమాదమది.

కావున భాగము నెన్నుకొనునప్పుడు దాని గుణములతోపాటు దాని యింటిని చూడవలెను. కడపటి మార్పు ఎన్నడు జరిగినది? ఫిర్యాదు వ్రాసినవారికి ఎన్ని దినములలో జవాబు వచ్చుచున్నది? నడుపువారు ఒకరా, నలుగురా? ఆ ఒకరు జబ్బుపడినచో అందుకొనువారున్నారా? డబ్బిచ్చి కొను భాగమైనను ఈ ప్రశ్నలు తప్పవు. అమ్మిన సంస్థ మూతపడినచో మూలప్రతి మనచేతికి వచ్చునా యన్నది కొనుగోలు పత్రములోనే వ్రాయించుకొనవలెను.

నాలుగవ ప్రశ్న: మన యింట ఏమేమి యున్నవో మనకు తెలియునా? 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను భాగములో ఘోరమైన దోషము బయటపడినది. ప్రోగ్రాములో జరుగు సంఘటనలను దినచర్యగా వ్రాసియుంచుట దాని పని. అందులో వ్రాయుటకు పంపిన ఒక వాక్యమే ఆజ్ఞయై, పరాయివారి ప్రోగ్రామును తెచ్చి నడిపింపగలదని తేలినది. దోషమును దిద్దిన ప్రతి త్వరలోనే వచ్చినది. కాని లోకములోని కార్యాలయములు ఆ వారమంతయు ఒకే ప్రశ్నతో సతమతమైనవి: "ఆ భాగము మావద్ద ఉన్నదా?" ఎవరి యింట ఏమూల నున్నదో ఎవరికిని తెలియలేదు. అంతకుముందు 2017లో అమెరికా దేశపు ఈక్విఫాక్స్ సంస్థ విషయము ఇంకను విచారకరము. వారు వాడిన స్ట్రట్స్ అను భాగమునకు దిద్దుబాటు మార్చిలోనే వచ్చినది. వారు దానిని వేయవలసిన చోట వేయలేదు. మే నెలలో దొంగలు ప్రవేశించిరి. సుమారు 14 కోట్ల 70 లక్షలమంది సొంత వివరములు బయటకు పోయినవి. మందు వచ్చినది, రోగి యున్న గది ఏదో తెలియకపోయినది.

ఇందులకు ఉపాయము సామాన్యమైనది. పెండ్లివారింట అరువు తెచ్చిన గిన్నెలకు ఎవరింటివి ఏవో ఒక కాగితముమీద వ్రాసికొందురు గదా! అట్లే ప్రతి భాగము పేరు, ప్రతి సంఖ్య, తెచ్చిన చోటు, తెచ్చిన తేదీ వ్రాసియుంచవలెను. బంధువులుగా వచ్చినవానిని గూడ చేర్చవలెను. మన దేశములో కంప్యూటరు భద్రతను చూచు సెర్ట్‌ఇన్ సంస్థ ఇట్టి పట్టికలను గూర్చి 2024లో మార్గదర్శకములను వెలువరించినది. దానితోపాటు, ఏ ప్రతిని పరీక్షించితిమో ఆ ప్రతినే ఉంచవలెను. రాత్రికి రాత్రి దానంతట అది మాఱిపోవుటకు విడువరాదు. క్రొత్త ప్రతి వచ్చినప్పుడు చదివి, పరీక్షించి, మన చేతులతో మార్చుకొనవలెను.

అయిదవది షరతుల విషయము. ఉచితమనగా యథేచ్ఛ కాదు. కొన్ని భాగములకు, చేసినవారి పేరును అనుమతిపత్రమును తొలగింపక ఉంచినచో చాలును. జీపీఎల్ వంటి కొన్ని అనుమతులు, ఆ భాగముతో కలిసి తయారైన ప్రోగ్రామును మీరు ఇతరులకు పంచిపెట్టినచో దాని మూలప్రతిని గూడ అదే షరతుపై ఇవ్వవలెనని కోరును. ఏ అనుమతియు వ్రాయని భాగమును చూచి, అడ్డు చెప్పలేదు గనుక వాడుకొనవచ్చునని కొందఱు భ్రమపడుదురు. సత్యము దీనికి విపరీతము. అనుమతి వ్రాయనిచో హక్కులన్నియు కర్తవే.

కడపటి ప్రశ్న: రేపు దీనిని విడువవలసివచ్చినచో ఎట్లు? అరువు సొమ్ము బరువు చేటని సామెత. ఆ బరువు తెలియునది తీసివేయబోయినప్పుడే. ప్రోగ్రాములో వంద చోట్ల ఆ భాగమును నేరుగా పిలిచినచో, దానిని తీయుటకు వంద గోడలు పగులగొట్టవలెను. ఒకే వాకిలి కట్టి, రాకపోకలన్నియు ఆ వాకిటనే జరుగునట్లు చేసినచో, వెనుకనున్నదానిని మార్చినను ఇంటివారికి తెలియదు. మా యువకుడు రెండవసారి చేసిన మంచి పని ఇదియే. అక్షరములు మార్చు పనిని ఒక్కచోట నుంచెను. తెలియని సంకేతము తగిలినచో మాటలాడక వదలుట మాని, "ఇది నాకు తెలియదు" అని ఆగి చెప్పునట్లు చేసెను. ఆ యేర్పాటు మాకు 'క్ష'నే గాక, వేఱు మూడు అక్షరములను గూడ పట్టియిచ్చినది.

ఇన్ని ప్రశ్నలు వేసినచో ఇక పని సాగునా యని యువకులు అడుగవచ్చును. ప్రతి భాగమునకును ఇంత విచారణ అక్కఱలేదు. పోయినను ఒక పూట చిరాకు తప్ప నష్టము లేనిచోట పది నిమిషములు చాలును. ఒకరి డబ్బో, ఆరోగ్యమో, పేరో దానిపై ఆధారపడియున్నచోట ఒక దినము కేటాయించుట ఎక్కువ కాదు. మేము ఆ పది నిమిషములను మిగుల్చుకొని ఎనిమిది నెలలు పోగొట్టుకొంటిమి. ఆ యెనిమిది నెలలు మావి కావు; ఒక కుటుంబమువారివి.

తీసికొనువారికి ఒక ఋణము గూడ కలదు. దోషము కనిపెట్టినచో స్పష్టముగా వ్రాసి పంపుట, దిద్దగలిగినచో దిద్దుబాటు పంపుట, లాభము గడించినచో నడుపువారికి కొంత ధనసహాయము చేయుట. మా దిద్దుబాటును ఆ పాత భాగము వ్రాసినవారికి పంపితిమి. జవాబు రాలేదు. అందుచే మా 'క్ష'తో కూడిన ప్రతిని వేఱుగ అందఱికి అందుబాటులో నుంచితిమి. దానిని చూచుకొనువారి పేర్లు రెండు అందులో వ్రాసియున్నవి. ఒకరు లేనినాడు రెండవవారు జవాబు చెప్పవలెనని మా యేర్పాటు. మూడు నెలలకొకసారి ఫిర్యాదులు చదువుట ఇప్పుడు మా పనుల పట్టికలో ఒక పంక్తి.

ఆ పెద్దావిడ తండ్రిగారి ప్రసంగమును మరుసటి యేట, తద్దినమునకు వారము ముందుగా, వారికి పంపితిమి. ఆయన నారుమడికి నీరు పెట్టు వేళను గూర్చి చెప్పుచు నడుమ ఒకసారి దగ్గును. టేపు శుభ్రపఱచునప్పుడు ఆ దగ్గును తీసివేయుదమా యని మా సాంకేతికులు అడిగిరి. వలదని ఆమె వ్రాసిరి. అది అట్లే యున్నది. సెలవు.